మొంబాసా మావయ్య చెక్కిన జిరాఫీ

మొన్న ఆదివారం మా తోడల్లుడు గుడివాడ నుంచి ఒక టూర్లాయన్ని వెంటేసుకుని పెడనలో మా ఇంటికి వచ్చాడు. నాలుగు జంటలు కలిసి కెన్యా వెళ్ళి అడవి జంతువుల్ని చూసి రావాలని వాళ్ళ పథకం. మూడు జంటలు కుదిరాయి, నాలుగోది మేము. మీకూ నాకూ పెద్దలు నేర్పిందేమిటి, సింహం కనబడితే పరిగెత్తమనే కదా, జీపులో కిటికీ పక్క సీటు కావాలని అడగమని ఎవరూ నేర్పలేదు.

టూర్లాయన మంచినీళ్ళిచ్చినందుకే రెండుసార్లు థాంక్సండీ అన్నాడు, అది నా మొదటి అనుమానం. పొద్దున్నే అడవిలో ఇడ్లీ పెడతామన్నాడు, అక్కడ పిండి ఎవరు రుబ్బుతారన్నది రెండోది. ఇక రంగుల పుస్తకం విప్పాడు, అదే ఆయన చేసిన పొరపాటు. ఎందుకంటే నేను ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి అద్దకం షెడ్డులో చేరి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద చెక్క అచ్చులు కొడుతూ నలభై ఏళ్ళు గడిపినవాణ్ణి. అచ్చులో ఎడమ ఉన్నది గుడ్డ మీద కుడికొస్తుంది కాబట్టి ఏ బొమ్మ చూసినా మనసులో తిరగేసుకోవడం మాకు అలవాటు. మూడో పేజీ సింహానికి ఎడమ చెవి చిరిగి ఉంది, ఏడో పేజీ సింహానికి కుడి చెవి చిరిగి ఉంది, మిగతాదంతా వెంట్రుక తేడా లేదు.

"ఏవండీ, ఆ దేశం మొత్తానికి ఒకటే సింహమా? దాన్నే తిరగేసి కొట్టారేం?" అన్నాను.

"పుస్తకం అచ్చేసినవాళ్ళు అలా సర్దేశారండీ బాబూ, సింహాలు బోలెడున్నాయండీ!" అని ఆయన చెమట తుడుచుకున్నాడు.

గెలిచానన్న హుషారులో ఇంకో పేజీ తిప్పాను, తిప్పి ఆగిపోయాను. అందులో ఒక జిరాఫీ ముందుకాళ్ళు రెండూ చెరోవైపుకీ బారచాపి, అంత పొడుగు మెడనీ కిందికి దించి నీటిగుంటలో మూతి పెట్టింది.

నేను చేరిన కొత్తలో మా షెడ్డుకి అచ్చులు చెక్కే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, షెడ్డులో అందరికీ మావయ్యే, తరవాత్తరవాత నాకు పిల్లనిచ్చి నిజం మావయ్య అయ్యాడు. వయసులో ఉండగా విశాఖపట్నంలో ఓడెక్కి వడ్రంగం చేశాననీ, ఓడ మరమ్మతుకని మొంబాసా రేవులో ఆగిపోతే రైలెక్కి లోపలికి వెళ్ళొచ్చాననీ, పట్టాల పక్కన జంతువులు మేస్తుంటాయనీ టేకు చెక్క చెక్కుతూ చెప్పేవాడు. పులిగడ్డ దాటి దివిసీమ వెళితేనే పరదేశం వెళ్ళొచ్చినట్టు మాట్లాడుకునే మాకు అదంతా గాలికబురులాగే ఉండేది. ఆ ఏడు షావుకారుగారు పరదాల మీదికి కొత్త జంతువేదైనా కావాలంటే, మావయ్య వారం రోజులు తల ఎత్తకుండా చెక్కి తెచ్చాడు, అచ్చంగా ఈ జిరాఫీనే, ఇవే బారచాపిన కాళ్ళు.

షావుకారుగారు మెచ్చుకోబోతున్నారు, నా నోరు ఊరుకుందా?

"మావయ్యా, ఇది నీళ్ళు తాగుతోందా, జారిపడి లేవలేకపోతోందా? ఏ జంతువైనా ఇలా తాగుద్దా? రేవులో క్యాలెండరు చూసొచ్చి కూడా సరిగ్గా చెక్కలేదే మా మొంబాసా మావయ్య!"

షెడ్డంతా గొల్లుమంది, షావుకారుగారూ నవ్వేసి అచ్చు పక్కన పడేశారు. ఆ నవ్వు విన్నవాళ్ళలో తండ్రికి అన్నం క్యారేజీ తెచ్చిన కూతురు కూడా ఉంది. మొంబాసా మావయ్య అన్న ఆ పేరు ఊరంతా పాకింది, మావయ్య మాత్రం ఆ తరవాత పోయేదాకా ఓడ మాట ఎత్తలేదు. నన్ను అల్లుడిగా ఒప్పుకున్నాడు గాని, ఎన్ని పండగలకి పక్కపక్కన కూచుని భోంచేసినా ఆ కథ మళ్ళీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను పేజీ పట్టుకుని అలాగే ఉండగా మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా మూత మీద బరువుకని ఇన్నేళ్ళూ పెట్టుకున్న ఆ జిరాఫీ అచ్చు తెచ్చి బొమ్మ పక్కన పెట్టింది. కాళ్ళ వాటం, మెడ వంపు, ఆఖరికి తోక విదిలింపుతో సహా సరిపోయాయి. పాడు అలవాటు చచ్చినా పోదు గదా, ఇది కూడా మార్చిన ఫోటోయేమో అన్నాను.

"మా నాన్న చెక్కింది కూడా వీళ్ళే మార్చారా?" అంది.

మా తోడల్లుడు ఫోన్ తీసి, "అదెంతసేపు వదినా, వీడియో చూస్తే తేలిపోద్ది," అన్నాడు.

"వద్దు మరిదిగారూ. మా నాన్న అక్కడికెళ్ళి చూశానంటే నమ్మలేదు. నేనూ అక్కడికెళ్ళే చూస్తాను. ఈయనొస్తే వస్తారు, లేపోతే ఇంట్లో కూచుని ఫోన్లో అనుమానపడతారు."

మర్నాడే బందరు వెళ్ళి పాస్‌పోర్టుకి ఫోటోలు దిగాను. టీకా వేయించుకోవాలట, ఆ సూదిమందు మీద కూడా నాకు అనుమానమే. ఇడ్లీ సంగతి ఇంకా తేలలేదు.

ఈ రోజుల్లో అనుమానం వస్తే తీర్చుకోవడానికి అరచేతిలో సామాను ఉంది, క్షణంలో తేల్చేసుకుని క్షణంలో మరిచిపోతున్నాం. అప్పుడు మనకి మనిషి మాటొక్కటే ఉండేది, నమ్మితే దాని వెంట సముద్రం దాటి వెళ్ళొచ్చేవాళ్ళం, నమ్మకపోతే ఆ మనిషి ఉట్టిచేతులతో నిలబడేవాడు. నిన్న ఆ అచ్చు కడిగి ఆరబెట్టి, నల్లరంగులో ముంచి తెల్ల తువ్వాలు మీద కొట్టాను. ఇన్నేళ్ళు బరువు మోసినా ఒక్క గీత అరగలేదు. ఆ తువ్వాలు పెట్టెలో సర్దాను. అక్కడ జిరాఫీ అలాగే నీళ్ళు తాగితే మావయ్యకో మాట చెప్పుకోవాలి, ఆయన్ని ఎక్కడ కలుసుకోవాలో మాత్రం టూర్లాయన పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.