ఉత్త చేతులతో ఎక్కకూడని మెట్లు

ఎర్మెలిందకు ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషి చేతులు ఖాళీగా కనిపిస్తే తట్టుకోలేదు. ఆకలితో నకనకలాడేవాణ్ణి చూస్తే మనకెలా ఉంటుందో, చేతులూపుకుంటూ నడిచేవాణ్ణి చూస్తే ఆవిడకు అలా ఉంటుంది. అర్జెంటుగా ఏదో ఒకటి ఆ చేతుల్లో పెట్టెయ్యాలి. లేకపోతే ఆ పూట తిన్నది అరగదు.

ఇలాంటి జబ్బున్న మనిషి ఏ గిడ్డంగిలోనో మేస్త్రీగా ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. కానీ ఆవిడ చేసే పని టూరిస్టులకు అల్ఫామా అనే పాత కొండపేటను చూపించడం. ఎక్కడెక్కడి నుంచో లిస్బన్‌లో దిగిన జనాన్ని పొద్దున్నే మెట్ల కింద పోగు చేసుకుని, సందులూ గొందులూ తిప్పి, కొండమీదికి నడిపించి, అక్కణ్ణించి నదిని చూపించి పంపాలి. ఆ జనం పోగయ్యేది బల్తజార్ పచారీ కొట్టు ముందు. అందుకని ఆవిడ జబ్బుకు మొదటి సాక్షీ, మొదటి బాధితుడూ బల్తజారే.

"నా బంగారాలూ!" అని మొదలుపెట్టేది ఎర్మెలింద. "మా కొండను కళ్ళతో చూసి వెళ్ళినవాళ్ళు లక్షమంది ఉన్నారు. వాళ్ళ మొహాలు మాకు గుర్తులేవు. మోకాళ్ళతో చూసినవాళ్ళే మాకు చుట్టాలు. ఏదీ, చేతులు చాపండి!"

వాళ్ళు ప్రసాదం పెడుతుందనుకుని చాపేవారు. ఆవిడ ఉల్లిపాయల సంచీ పెట్టేది. ఒకడికి గ్యాస్ సిలిండరు, ఒకామెకు బట్టల సబ్బులు, ఇంకొకాయనకు తోక వేలాడే ఎండు చేప. అవన్నీ కొండమీది ఇళ్ళవాళ్ళు ముందురోజు కిటికీల్లోంచి కేకలేసి చెప్పిన సరుకులే. తన సరుకులు కాలు కదపకుండా గడపగడపకూ చేరుతున్నాయని బల్తజార్‌కు లోపల సంతోషంగానే ఉండేది. కానీ అంత బాహాటంగా సంతోషిస్తే పరువేం కావాలి?

"అక్కా, వాళ్ళు చూడ్డానికొచ్చారే, మొయ్యడానికి కాదు" అని నసిగేవాడు.

"చూడ్డానికైతే పోస్టుకార్డు చాలు. విమానం ఎందుకూ?"

ఒకసారి ఒక జడ్జిగారు వచ్చాడు. బంగారు ఫ్రేము కళ్ళజోడు, చేతిలో కర్ర. ఎర్మెలింద ఆ కర్రను బల్తజార్‌కిచ్చి, ఆయన చేతుల్లో గంపంత క్యాబేజీ పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎంతో గౌరవంగా, "ఇది ఏ శతాబ్దానిదమ్మా?" అని అడిగాడు.

"ఇవాళ పొద్దుటిదండీ. మధ్యాహ్నంలోగా చేర్చకపోతే చరిత్రలో కలిసిపోద్ది."

కొత్తగా పెళ్ళయిన జంట కనబడితే చాలు, ఇస్త్రీబల్ల తీసేది. "చెరో కొసా పట్టుకోండి. పైకి చేరేలోగా విడాకుల మాట రాకపోతే మీ కాపురానికి ఢోకా లేదు." ఒక జంటకు రెండో మలుపులోనే మాటా మాటా పెరిగింది, మూడో మలుపులో బల్ల కిందపడింది, నాలుగో మలుపులో ఇద్దరూ దానిమీదే కూర్చుని ఒకరి కాళ్ళు ఒకరు ఒత్తుకున్నారు. ఆ తర్వాత ఏటా పండక్కి ఆవిడకు పూలు పంపుతున్నారు.

రుయి అనే జేబుదొంగ కూడా ఒకరోజు టూరిస్టుల్లో కలిసిపోయాడు. బల్తజార్ గుర్తుపట్టి కళ్ళతో సైగ చేశాడు. ఎర్మెలింద అంతకుముందే చూసింది. వాడి రెండు చేతుల్లో రెండు అట్టల గుడ్లు పెట్టి, "జాగ్రత్త నాయనా, ఒక్కటి పగిలినా మా సిసిలియా బామ్మ నిన్ను పగలగొడుద్ది" అంది. పాపం వాడు ఊపిరి బిగబట్టి కొండంతా ఎక్కాడు. ఒక్క గుడ్డు చెదరలేదు, ఒక్క జేబు తెగలేదు. బామ్మ మెచ్చుకుని వాడికి ఆమ్లెట్ వేసి పెట్టింది.

ఇక చరిత్ర చెప్పేటప్పుడు ఎర్మెలింద తీరే వేరు. గోడ దగ్గర ఆగి, నడుంమీద చేతులు పెట్టుకుని, "మహా భూకంపానికి ఊరు ఊరంతా కూలింది. మా కొండ కూలలేదు! ఎందుకంటారు? ఇక్కడ ప్రతి చేతిలోనూ ఏదో ఒక బరువుంది. బరువున్నది కదలదు!" అనేది. ఈ సిద్ధాంతాన్ని ఏ పండితుడూ ఒప్పుకోలేదు. కొండమీదివాళ్ళు మాత్రం పసిపిల్లలకు ఇదే చెప్పి పెంచుతున్నారు. బల్తజార్ కూడా, ఎన్నిసార్లు విన్నా, ఆ మాట దగ్గర కాస్త ఛాతీ విరుచుకునేవాడు.

చివరి మజిలీ జసింతు కిటికీ.

జసింతు ఒకప్పుడు ఈ మెట్లమీద సామాన్లు మోసిన మనిషి. కొండమీదున్న ప్రతి మంచమూ, ప్రతి బీరువా ఆయన వీపెక్కే పైకొచ్చాయి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి, ముసలాయన ఇల్లు కదలడు. ఒంటరివాడు కదా అని వార్డు ఆఫీసువాళ్ళు ఒకసారి తిండి పొట్లం పంపితే గుమ్మంలోంచి విసిరికొట్టాడు. అందులోని నారింజలు మెట్టు మెట్టుకూ ఎగురుతూ వచ్చి బల్తజార్ కొట్లో దూరాయి. "ఈ కొండను నేను మోశాను. నన్నెవడూ మొయ్యక్కర్లేదు!" అన్న కేక వాటి వెనకాలే దిగింది. అప్పట్నుంచీ ఆ గడపలోకి ఏదైనా తీసుకెళ్ళడానికి అందరికీ హడలే.

ఎర్మెలింద మాత్రం రోజూ టూరిస్టుల్లో ఎవరో ఒకరి చేత బంగాళాదుంపలూ ఆకుకూరలూ నింపిన సంచీ ఆ కిటికీ ముందుకు మోయించేది. దాని పేరు పరీక్ష సంచీ. జసింతు పరీక్షాధికారి.

"ఏమయ్యా, ఆ మూటను చంటిపిల్లాడిలా ఎత్తుకున్నావేం? పాలిస్తావా? భుజానికెత్తు! నడుం నిటారుగా పెట్టు! ఊపిరి ముక్కుతో... ఆఁ, పాస్. సంచీ అక్కడ పెట్టి పో."

పాసైనవాళ్ళు డాక్టరు పట్టా వచ్చినంత సంబరంగా ఆయనతో ఫొటో దిగేవారు. సంచీ గుమ్మంలోనే ఉండిపోయేది. మర్నాడు కొట్లోంచి ఇంకో సంచీ బయల్దేరేది.

"నిన్నటిది పైనే ఉందిగా అక్కా, మళ్ళీ ఎందుకూ?" అని బల్తజార్ అడిగాడు.

"అది అరిగిపోయింది."

"బంగాళాదుంపల సంచీ అరగడమేంటి?"

"రోజూ మోస్తే అరగదూ? కొట్లో కూర్చునే వాడివి, నీకేం తెలుస్తుంది!"

పిచ్చి ముదిరిందనుకుని బల్తజార్ ఊరుకున్నాడు.

ఇలా సాగుతుండగా తెల్లసూటు పెద్దమనిషి ఒకడు తగిలాడు. ఆయన చేతిలో ఎర్మెలింద బొగ్గుల బస్తా పెట్టింది. సూటు తెల్లగా పైకెళ్ళి నల్లగా దిగొచ్చింది. పెద్దమనిషి తిన్నగా వార్డు ఆఫీసుకెళ్ళాడు. సాయంత్రానికి కబురొచ్చింది: శుక్రవారం విచారణ. అప్పటిదాకా టూరిస్టుల చేత పూచికపుల్ల కూడా మోయించకూడదు. మోయిస్తే ఆవిడ పర్మిట్ రద్దు.

మర్నాడు ఎర్మెలింద చేతులూపుకునే మందను వెంటేసుకుని బయల్దేరింది. దారంతా తడబాటే. చర్చిని చూపించి కోట అంది. గోడ దగ్గర భూకంపం మాట ఎత్తి సగంలో ఆపేసింది. టూరిస్టులు ఆవలించారు. పైన జసింతు కిటికీ తెరిచి చూశాడు.

"ఏరీ నా శిష్యులు? పెళ్ళికొచ్చినట్టు చేతులూపుకుంటూ వచ్చిన ఈ బాపతు ఎవరు?"

విషయమంతా విన్నాడు. కిటికీ మూసేశాడు. రెండోరోజు అసలు తెరవనేలేదు.

ఆ మధ్యాహ్నం ఎర్మెలింద కొట్లో బియ్యం బస్తామీద కూలబడింది. బల్తజార్ ఆవిణ్ణి ఎన్నడూ అలా చూడలేదు.

"పర్మిట్ పోతే పోయింది తమ్ముడూ. ఆయన తిండి మాటేంటి?"

"ఎవరి తిండి?"

"జసింతుది రా! ఆ సంచీ మరెందుకనుకున్నావ్?"

బల్తజార్ నోరు తెరిచాడు. అరిగిపోయిన సంచీలన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి.

"మరి నువ్వే తీసుకెళ్ళి ఇవ్వొచ్చుగా అక్కా?"

"నేనిస్తే అది దానం. టూరిస్టు మోసుకొస్తే పరీక్ష. ఆయన పరీక్ష పెడతాడు గానీ దానం పడతాడా? నారింజలు మర్చిపోయావా?"

బల్తజార్ కాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ చేయని పని చేశాడు. కొట్టు మూసి, సంచీ తలకెత్తుకుని, మెట్లెక్కాడు. కొలిమితిత్తిలా రొప్పుతున్న ఆ చప్పుడుకే పైన కిటికీ తెరుచుకుంది.

"ఆ ఊపిరేంట్రా, ఆ నడకేంట్రా! సంచీని నువ్వు మోస్తున్నావా, నిన్ను సంచీ మోస్తోందా? ఫెయిల్! లోపలికొచ్చి మంచినీళ్ళు తాగు, గుమ్మంలో చచ్చిపోకు."

బల్తజార్ నీళ్ళు తాగుతూండగా జసింతు సంచీని కర్రతో లాక్కుంటూ వెనక కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. అక్కడ తాడు కట్టిన బుట్ట ఉంది. దుంపలూ ఆకులూ బుట్టలో పోసి, "కితేరియా! అందుకో!" అని కిందికి దించాడు. వెనక సందులో కాపురముండే ముసలి కితేరియా చేతులు కిందినుంచి బుట్టను అందుకున్నాయి.

బల్తజార్‌కు పొలమారింది. "అది... అది మీ కోసం కదండీ!"

"నాకు తెలీదనుకున్నావా?" జసింతు నవ్వాడు. "ఎర్మెలింద నన్ను బోల్తా కొట్టించానని మురిసిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక బరువులే మోశాన్రా నేను. అరిగిపోయే బంగాళాదుంప ఎక్కడైనా ఉంటుందా?"

"తెలిసీ ఎందుకూరుకున్నారు?"

"ఆ ఎర్మెలింద మధ్యాహ్నం ఏం తింటుందో ఎప్పుడైనా చూశావా? మొగుడు పోయాక ఒక్కదానికి పొయ్యెందుకని ఇంత రొట్టెముక్క కొరికి నీళ్ళు తాగుద్ది. రామ్మా, రెండు ముద్దలు తినమ్మా అంటే మీదపడి కరుస్తుంది. అందుకని కితేరియా వీటితో సూపు కాస్తుంది. కాచి, 'ఎక్కువైందే, పారబొయ్యడానికి చేతులు రావట్లేదు' అని గిన్నె పట్టుకెళ్తుంది. పారబోస్తే పాపమని అది తినేస్తుంది."

"మరి మీకో?"

"నాకూ ఒక గిన్నె వస్తుందిలే. నాకోసం కాదు! కితేరియా వంట మెచ్చుకోకపోతే ఏడుస్తుంది. ముసల్దాన్ని ఏడిపించడం ఎందుకని తింటున్నా."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని బల్తజార్ వినడమే గాని చూడ్డం అదే మొదలు. ముగ్గురూ ఒకే కుండలోది తింటున్నారు. ముగ్గురూ అదంతా ఎదుటివాళ్ళ కోసమే అనుకుంటున్నారు. ఈ కొండమీద ఇచ్చేవాళ్ళే తప్ప పుచ్చుకునేవాడు ఒక్కడూ లేడు. తను పుట్టిన చోటు ఇంత గొప్పదని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఈ మాట కడుపులో దాచుకో. ఎర్మెలిందకు తెలిసిందో, నిన్ను నారింజలా దొర్లిస్తా" అన్నాడు జసింతు. తర్వాత తన మోకాళ్ళకేసి చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "శుక్రవారం విచారణ కిందేగా? ఒక గట్టి కుర్చీ చూడు."

శుక్రవారం వార్డు ఆఫీసులో ఎర్మెలింద ప్రెసిడెంటు ముందు నిలబడింది. రెండు చేతులూ ఖాళీ. వాటినెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి పెట్టుకుంటోంది. ప్రెసిడెంటు ఆ కొండమీద పుట్టినవాడే. లిఫ్టున్న ఇంటికి మారాక మెట్లు మర్చిపోయాడు. ఆయన గొంతు సవరించుకునేసరికి వీధిలోంచి కేక వినబడింది.

"ఎడమవైపు వంచకండిరా! రుయి, నిన్ను పట్టుకోమంది కుర్చీ కోడు, నా జేబు కాదు!"

తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఎవరి చేతా మోయించుకోనని ఒట్టేసుకున్న జసింతు కుర్చీలో కూర్చుని వచ్చాడు. ఒక కోడు రుయి, ఒక కోడు బల్తజార్, మిగిలిన రెండూ ఆ రోజు ఊళ్ళో దిగిన టూరిస్టులెవరో ఇద్దరు. వెనకాల కొండంతా దిగొచ్చింది. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. క్యాబేజీలు, పూలకుండీలు, బుట్టెడు చేపలు, సిసిలియా బామ్మ గుడ్ల అట్ట అన్నీ ప్రెసిడెంటు బల్లమీద పోగుపడ్డాయి. ఆయన వాటి వెనక కనబడకుండా పోయాడు.

"అయ్యా ప్రెసిడెంటుగారూ," అన్నాడు జసింతు క్యాబేజీలతో. "మీ అమ్మగారి మంచం మెట్లమీదుగా మోసింది నేను. మీరు పుట్టింది ఆ మంచమ్మీదే. నేనివాళ పరువు ఇంట్లో పెట్టి తాళమేసి వచ్చాను, ఒక్క మాట చెప్పిపోదామని. మోకాళ్ళు పోయాక నేను మనిషిననే మర్చిపోయా. ఈ ఎర్మెలింద రోజూ నలుగుర్ని తెచ్చి నా కిటికీ ముందు నిలబెట్టింది. ఇప్పుడు నాకు దేశదేశాల్లో శిష్యులున్నారు. దీని నడక ఆపితే నా కిటికీ ఆగిపోద్ది."

ఎర్మెలింద గోడవైపు తిరిగి, కళ్ళలో దుమ్ము పడ్డట్టు తుడుచుకుంది. బల్తజార్‌కూ ఏదో పడింది.

ప్రెసిడెంటు ఒక క్యాబేజీ పక్కకు జరిపి మొహం బయటపెట్టాడు. "బలవంతంగా మోయించడం తప్పే. అది తప్పే. అయితే, ఎవరైనా తామంతట తాము అడిగి మోస్తే..."

కుర్చీ కోడు పట్టుకున్న టూరిస్టుల వెనక నుంచి ఇంకో టూరిస్టావిడ చెయ్యెత్తింది. "అందరికీ ఏదో ఒకటి ఇచ్చారు, నాకేం ఇవ్వలేదు. ఇదెక్కడి న్యాయం?"

ఎర్మెలింద చెంగున వెళ్ళి గుడ్ల అట్ట ఆవిడ చేతిలో పెట్టింది. అంతటితో విచారణ ముగిసింది. బొగ్గు మాత్రం ఎవరి చేతా మోయించకూడదని ప్రెసిడెంటు షరతు పెట్టాడు. వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు సాగనంపడానికి గుమ్మందాకా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎర్మెలింద ఆ చేతుల్ని చూసింది.

"అలా ఊరికే నిలబడ్డారేంటండీ? ఆ కోడు పట్టుకోండి, బల్తజార్ రొప్పుతున్నాడు."

"నేను పాస్ చెయ్యను, ముందే చెప్తున్నా" అన్నాడు కుర్చీలోంచి జసింతు.

మర్నాడు పొద్దున్న పరీక్ష సంచీ నింపుతూ ఎర్మెలింద బల్తజార్‌తో అంది. "కితేరియాకు ఒంట్లో బాగోలేదేమో తమ్ముడూ, రెండ్రోజులు సూపు ఊసే లేదు. మళ్ళీ నిన్న ఎక్కువైందని పట్టుకొచ్చింది. ఎన్నేళ్ళొచ్చినా దానికి కొలత రాదు, రోజూ ఒక గిన్నె ఎక్కువే. నేను తినకపోతే పాపం, ఏమైపోతుందో!"

బల్తజార్ గబుక్కున అటు తిరిగి, నవ్వు దాచుకుంటూ, సంచీలో ఇంకో నాలుగు దుంపలు పడేశాడు.

"అంత నవ్వేంట్రా, చేతులు ఖాళీగా పెట్టుకుని?" అంది ఎర్మెలింద. సంచీ ఎత్తి అతని చేతుల్లోనే పెట్టింది. అతను మారుమాట్లాడకుండా దాన్ని భుజానికెత్తుకుని, నడుం నిటారుగా పెట్టి, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.