ఓటు ఈడ, కోపం ఆడ

మా క్యాంపు మగవాళ్లకు తెలియని రాజకీయం లేదు. తెలిసిందంతా ఆంధ్రాదే, అదే తమాషా. మా తాతలు కోస్తా నుంచి కన్నడ రాష్ట్రానికి వచ్చి తెక్కలకోట దగ్గర కాలువ కింద వరి పెట్టుకుని స్థిరపడ్డారు. అలా వెలసిన ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. రేషన్ కార్డు ఇక్కడిది, పట్టా ఇక్కడిది, ఓటు ఇక్కడిది. అయినా ఇక్కడి ఎమ్మెల్యే పేరు అడిగితే తల గోక్కునేవాళ్లు, అక్కడి మంత్రివర్గంలో ఎవరికి ఏ శాఖ ఇవ్వాలో టీ కొట్టు బల్ల మీద కూర్చుని తేల్చేస్తారు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. ఆ పార్టీల కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయి.

ఇక్కడి ఎన్నికలకు మాత్రం మాకో పద్ధతి ఉంది. పోలింగుకు ముందు అందరూ రైస్‌మిల్లు ఆవరణలో కూర్చుని, కాలువ చివరిదాకా నీళ్లు ఎవరు వదిలిస్తామంటే వాళ్లకు క్యాంపు ఓట్లన్నీ గంపగుత్తగా వేసేస్తారు. దాన్ని 'క్యాంపు మాట' అంటారు. ఇక్కడి పార్టీల మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. అందుకే ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

పోయిన పంచాయతీ ఎన్నికల్లో మా వదిన నిలబడింది. ఆమెది ఇక్కడి కురుగోడే. మా ఆంధ్రా పిచ్చి ఆమెకు అంటలేదు. క్యాంపుకూ, బడీ బస్సూ ఉన్న పక్క ఊరికీ మధ్య కాలువ మీద వంతెన లేదు. రెండు పాత సిమెంటు కరెంటు స్తంభాలు పక్కపక్కన పడేసి ఉంటాయి, అంతే. ఒకరోజు బడికి పోతూ వదిన కూతురు వాటి మీద నుంచి జారి నీళ్లలో పడింది. నాట్లకు వచ్చిన ఒక ముసలమ్మ దూకి జుట్టు పట్టుకుని లాగబట్టి పిల్ల దక్కింది.

"నేను మెంబరైతే మొదటి పని ఆ బ్రిడ్జే" అంది వదిన. ఆమెకు పోటీగా నిలబడినవాడిది అవతలి ఊరు, వాడికి వంతెనతో పనేముంది? క్యాంపు మాట వదినకే అయింది. మా పెదనాన్న క్యాంపుకు పెద్ద. "మనింటి కోడలికి గాక ఇంకెవరికేస్తాం?" అని మీసం దువ్వుకున్నాడు.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీలుండవు. ఆఫీసరు తన జాబితాలోంచి తలా ఒక గుర్తు ఇస్తాడు. వదినకు వచ్చిందేమిటో ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ల మధ్య కూడా తగాదా మొదలవుతుంది. మామూలు వస్తువే. కాకపోతే ఆంధ్రాలో ఒక పార్టీ గుర్తు కూడా అదే.

ఇక చూడాలి మావాళ్ల తెలివి. సగం క్యాంపు గెలిచేసినట్టే టపాసులు కాల్చి, వదిన కరపత్రం మీద ఆంధ్రాలోని తమ నాయకుడి బొమ్మ అతికించింది. అది చూసి మిగతా సగానికి ఒళ్లు మండింది. ఆ మండినవాళ్లలో మొదటివాడు పెదనాన్న.

"నీ మీద నాకేం లేదమ్మా. ఆ గుర్తు మీద ముద్ర కొట్టాలంటే మాత్రం నాకు చెయ్యి రాదు" అన్నాడు.

"ఆ పార్టీ ఈడ యాడుండాది మామా? దాన్ని బ్రిడ్జి గుర్తనుకోండి" అని వదిన బతిమాలింది. పెద్దమనిషి టీవీ సౌండు పెంచుకున్నాడు. మనవరాలి ప్రాణం కంటే గుర్తు ఎక్కువైన మనిషిని ఏమనాలి?

పాపను కాపాడిన ముసలమ్మ గట్టు మీద నన్ను ఆపింది. "ఏందప్పా మీ కథ? తాగేది ఈ కాలవ నీళ్లు, కొట్లాడేది యాడనో ఉండేవాళ్ల కోసరమా? పాప పడింది ఈడ గదప్పా!"

"మావాళ్లకు సిగ్గు లేదులేమ్మా" అన్నాను నేను.

వదిన వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఓట్లతో ఓడిపోయింది. ఆరోజు దండెం మీద బట్టలు తీసి మడతపెడుతూ ఏడ్చింది.

ఇంతసేపూ క్యాంపును తిట్టాను. ఓటేసే అట్ట వెనక ముద్ర పట్టుకుని నేను కూడా చాలాసేపు నిలబడ్డాను. ఏళ్ల తరబడి ఆ గుర్తును తిట్టిన నోరు నాది. నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనుకుని పక్క గడిలో ముద్ర కొట్టి, మడిచి పెట్టెలో వేశాను.

వదినకు పొలం పని ఉన్న రోజు పాపను బడికి నేనే తీసుకెళతాను. స్తంభాల దగ్గరికి రాగానే అది నా వేలు గట్టిగా పట్టుకుంటుంది. మొన్న సగం దాటాక అడిగింది.

"బాబాయ్, అమ్మకు ఎవురు ఓటెయ్యలే?"

"కిందికి చూసి నడువమ్మా" అన్నాను.