సగం కిరీటం

మొన్న శనివారం బెంగళూరు శివారు వర్తూరులోని మా ఇంటికి వడ్రంగి వచ్చి వీధి తలుపుకు అవిసె నూనె పట్టించాడు. అతను వెళ్ళిపోయాక కూడా ఆ వాసన ఇల్లంతా ఉండిపోయింది. ఒక్కరే ఉండే ఇంట్లో వాసనలు తొందరగా పోవు. వాటిని తరిమేసే వంటలూ, వచ్చీపోయే మనుషులూ ఉండరు కదా. కాఫీ కలుపుకొని తలుపు పక్కనే కూర్చున్నాను. కాటన్‌పేటలో వెంకటప్పగారి మేడమీది గది గుర్తుకొచ్చింది. ఆ గదిలో ఎప్పుడూ ఇదే వాసన.

వెంకటప్పగారు పాత తుపాకుల వయసు చెప్పే మనిషి. తుపాకులు బాగుచేసే దుకాణంలో ముప్పై ఏళ్ళు పనిచేసి మానేశాక, సేకరించే సరదా ఉన్నవాళ్ళు తమ తుపాకులను ఆయన దగ్గరికి తెచ్చేవారు. అన్నీ ఒకసారికి ఒక్క గుండే పట్టే పాతకాలపు రైఫిళ్ళు, లేదంటే గుర్రపు రౌతులు మోసే పొట్టి రైఫిళ్ళు, అంటే కార్బైన్లు. ఇది ఎక్కడ తయారైంది, ఏ కాలానిది అని అడిగితే, ఆయన చూసి ఒక ఉత్తరం రాసిచ్చేవారు. భార్య పోయారు, పిల్లలు లేరు. ఆదివారం మధ్యాహ్నం ఆయన మేడ మెట్లెక్కి వచ్చేది తుపాకీ ఉన్నవాళ్ళూ, నేనూ.

బాపట్ల నుంచి తొంభైల మధ్యలో డ్రాయింగు టీచరుగా బెంగళూరు వచ్చాను. హాస్టల్లో గది. చర్చి నుంచి వచ్చాక ఆదివారం సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. మా స్కూలు కరస్పాండెంటుగారికి పాత తుపాకుల పిచ్చి. ఇనుము మీది చిన్న ముద్రలు ఫోటోలో మెరిసిపోయి సరిగా పడవనీ, చూసి గీసేవాళ్ళు వెంకటప్పగారికి కావాలనీ చెప్పి నన్ను ఆయనే పంపారు. తుపాకీ అంటే నాకు భయం. అయినా ఒంటరి ఆదివారం కంటే అదే నయమనిపించి వెళ్ళాను.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. తుపాకీ తెచ్చినవాళ్ళు దాని కథ ముందుగా చెప్పకూడదు. తాత తెచ్చాడనీ, యుద్ధంలో దొరికిందనీ మొదలుపెట్టగానే వెంకటప్పగారు వాళ్ళ చేతికి కాఫీ గ్లాసిచ్చి బయట మెట్ల మీద కూర్చోమనేవారు. తలుపు దగ్గరికి వేసి, మరలు ఒక్కొక్కటే విప్పి, గొట్టాన్ని దాని కింది చెక్క కట్టె నుంచి వేరుచేసేవారు. పక్కన బిగించిన ఇనుప రేకు మీద పైకి కనిపించే సంవత్సరాన్ని నమ్మేవారు కాదు. అది ఆ రేకు ఒక్కదానికే చెందిన సంవత్సరం కావచ్చు, పాత రేకును మరో తుపాకీకి బిగించి ఉండవచ్చు. కట్టె కింద దాగిన ముద్రలే ఆయనకు సాక్ష్యం. వాటిలో కిరీటం ముఖ్యం. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు రాణి కాలపు కిరీటం నడినెత్తిన కాస్త కుంగి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన రాజు కాలపుది గుండ్రంగా పైకి లేచి ఉంటుంది. ఈ తేడా పట్టుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఆయన విసుక్కోలేదు, మెచ్చుకోనూ లేదు.

తేడా తెలిశాక పొగరు వచ్చింది. రెండో ఏడు కరస్పాండెంటుగారి కార్బైనే ఒకటి వచ్చింది. గొట్టం కింద కిరీటం సగమే మిగిలింది, పైభాగాన్ని తుప్పు తినేసింది. మిగతా గుర్తులన్నీ రాణి కాలం వాటిలాగే ఉన్నాయి కదా అని, గీసేటప్పుడు చేయి దానంతటదే నడినెత్తిన కుంగిన గీత వేసేసింది. ఆ రోజు వెంకటప్పగారికి జ్వరం. నా బొమ్మ చూసి ఉత్తరం రాసిచ్చేశారు. కరస్పాండెంటుగారు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు.

నెల తర్వాత ఏదో పోల్చడానికి ఆ తుపాకీని మళ్ళీ తెప్పించినప్పుడు ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత నా బొమ్మ చూశారు.

"సగం ఉండేదాన్ని సగమే గీయల్ల, టీచరమ్మా. మిగతా సగం నువ్వు పెట్టినావు, ఇనుము పెట్టలేదు."

మర్నాడు ఆయనే రెండు బస్సులు మారి కరస్పాండెంటుగారింటికి వెళ్ళి, ఫ్రేములోంచి ఉత్తరం తీయించి, కాలం తెలియలేదని కొత్తది రాసిచ్చారు. తప్పు తనదేనని చెప్పారట. నా ఉద్యోగం ఆ పెద్దమనిషి చేతిలో ఉందని ఆయనకు తెలుసు. కరస్పాండెంటుగారికి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. ముసలాయనకు చూపు ఆనడం లేదన్న మాట నలుగురిలోకీ పాకింది. ఆదివారాలు ఖాళీ అయ్యాయి. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని, రాని మనుషుల కోసం కాఫీ కాచుకుని తాగేవాళ్ళం. నా మూలంగా ఆయనకా గతి పట్టిందని నాకు కుమిలిపోయేటంత బాధగా ఉండేది. ఒకసారి ఆ మాటే అన్నాను. తెలియదని రాయడం తప్పు కాదనీ, తెలిసీ తెలియదని రాయడమే తప్పనీ చెప్పి, వేరే మాటలోకి దిగిపోయారు.

ఆ గది గోడకు ఆయన సొంత కార్బైను ఒకటి ఉండేది. తండ్రి నుంచి లైసెన్సుతో సహా ఆయనకు వచ్చింది. దాని కథ నాకు కంఠస్థం. కోలారు వైపు వేటకు వచ్చిన ఒక దొరకూ చిరుతపులికీ మధ్య ఆయన తాత అడ్డంగా నిలబడ్డాడట. దొర తన భుజాన ఉన్న కార్బైను తీసి తాత భుజానికి తగిలించాడట. రాణిగారి కాలంలోనే, కొడుకు, అంటే వెంకటప్పగారి నాన్న, ఉయ్యాల్లో ఉండగా తాత పోయాడు. ఫోటో లేదు, సమాధి ఎక్కడో తెలియదు. వెంకటప్పగారికి తన వాళ్ళంటూ మిగిలింది ఆ కార్బైనే. ఊళ్ళో వాళ్ళ తుపాకులన్నీ విప్పిన మనిషి దాన్ని మాత్రం ఎన్నడూ విప్పలేదు.

రెండు వేల మూడులో అనుకుంటాను, ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అది బల్లమీద ఉంది. విప్పి చూడమన్నారు. మీరే చూడండి, మీకంటే నాకేం తెలుసు అన్నాను.

"నాది నేను చూస్తే నాకు కావాల్సిందే కనపడతాది. నువ్వు చూడు."

"కథ నేను ముందే విన్నానండీ."

"వినింది మర్చిపో" అని తన కాఫీ గ్లాసు తానే తీసుకొని, బయట మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నారు. తలుపు ఆయనే దగ్గరికి వేశారు.

కట్టె కింద ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. అయితే అది ముద్ర కాదు. ముద్ర ఒక్క దెబ్బతో పడుతుంది, లోతు అంతటా ఒకేలా ఉంటుంది. ఇది చిన్న ఉలితో గీత గీతగా చెక్కినది. ఎవరో పనివాడు అసలు తుపాకీని ఎదురుగా పెట్టుకొని, కిరీటాన్నీ అంకెలనూ చూసి చేత్తో దించాడు. అతను చూసి దించిన కిరీటం గుండ్రంగా పైకి లేచి ఉంది. రాజు కాలపుది. అంటే ఈ నకలు తయారయ్యేనాటికి తాతగారు లేరు.

చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నెత్తిన చిన్న గీత కుంగేలా వేస్తే చాలు. అదీ కాకపోతే తెలియలేదు అని రాస్తే చాలు. తలుపు సందులోంచి ఆయన వీపు కనిపిస్తూ ఉంది. అన్నేళ్ళుగా మెట్ల మీద కూర్చున్న వాళ్ళందరికంటే నిటారుగా కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఉన్నది ఉన్నట్టు గీశాను. ఆయన టైపు మిషన్ మీద ఉత్తరం కొట్టి తీసుకెళ్ళి చేతికిచ్చాను.

రెండుసార్లు చదివారు. "సరిగ్గా చూసినావు" అన్నారు. కింద నన్నే సంతకం పెట్టమన్నారు. అక్కడ నా పేరు పడటం అదే మొదలు. పెట్టి తిరిగి చూసేసరికి ఆయన చేతిలో కాఫీ తాగకుండానే చల్లారిపోయి ఉంది.

మరుసటి ఆదివారం, గోడకు మేకు ఒక్కటే మిగిలి ఉంటుందనుకుంటూ మెట్లెక్కాను. కార్బైను తన చోటే ఉంది. కట్టె తడితడిగా మెరుస్తోంది. గదంతా నూనె వాసన. ఆయన గుడ్డకు చేతులు తుడుచుకుంటూ, ఉత్తరంలో ఒక వాక్యం కలపాలన్నారు.

"తుపాకి తాతది కాకపోతే పోనీ. మా నాయన బతికినన్నాళ్ళూ వారం తప్పకుండా దీనికి నూనె రాసినాడు. ఆ నూనె కట్టెలో ఉండాది. చూసి రాయి."

పట్టుకుని చూశాను. చేయి ఎక్కువగా పడే చోట కట్టె నల్లగా, లోతుగా నునుపెక్కి ఉంది. అది ఒక్క మనిషి ఒక్క ఏడాదిలో చేసే పని కాదు. ఉత్తరాన్ని మళ్ళీ మిషన్లో పెట్టి, 'ఈ కట్టెకు చాలా ఏళ్ళపాటు ఎవరో శ్రద్ధగా నూనె పట్టించారు' అని చివరన కలిపాను. ఎవరో అన్న మాట దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగారు. ఇనుము పేరు చెప్పదు, కట్టె కూడా చెప్పదు. దిద్దమని మాత్రం అనలేదు.

మూడేళ్ళకు ఆయన పోయారు. లైసెన్సు మార్పించుకునే వారసులు లేక కార్బైనును పోలీసు స్టేషనులో అప్పగించారు. ఏ గిడ్డంగిలో, ఏ మూల ఉందో కనుక్కోలేకపోయాను. దానికి ఇప్పుడు నూనె రాసేవాళ్ళు లేరన్నది మాత్రం ఖాయం. నేను పిల్లలకు ఇప్పటికీ బొమ్మలు నేర్పుతున్నాను. కనపడని చోటును ఖాళీగా వదలమంటే, పూర్తిచేయకపోతే మార్కులు పోతాయి కదా మిస్ అంటారు. పోతే పోనీ అంటాను.

వడ్రంగి వదిలి వెళ్ళిన సీసాలో అడుగున కాస్త నూనె మిగిలింది. గుడ్డ తీసుకొని, చేయి ఎక్కువగా పడే గొళ్ళెం దగ్గర మరో పూత నేనే వేశాను. నా తర్వాత ఈ తలుపు ఎవరిదవుతుందో నాకు తెలియదు. ఎవరో శ్రద్ధగా నూనె పట్టించారని మాత్రం, చూసేవాళ్ళుంటే, కనపడుతుంది.