కృతజ్ఞతలు చెప్పే మనిషి

మాది నాగిరెడ్డిపేట దగ్గర ఊరు. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో మెట్లెక్కితే ఆయాసం. బోర్డు మీద ఒక వాక్యం రాసేలోపే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేదాన్ని. ఊళ్లో ఒక ట్రస్టు వాళ్లు ఉచిత వైద్య శిబిరం పెడితే, తోటి టీచర్ బలవంతం మీద వెళ్లాను. చిన్నప్పటి కీళ్ల జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందని, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది.

రేషన్ కార్డులో నా పేరు ఎక్కలేదు కాబట్టి సర్కారు పథకం వర్తించలేదు. నాన్న లేడు. అవ్వ (మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం) బీడీలు చేసి నన్ను చదివించింది. అంత డబ్బు ఎక్కడ తెస్తుంది? ఖర్చంతా ట్రస్టే పెట్టుకుని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించింది.

బతికాను. అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. తెలిసే ఇదంతా రాస్తున్నాను.

నాకు లోహపు కవాటం వేశారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ మాత్ర వేసుకోవాలి. మాత్ర సరిపోతోందో లేదో చూడడానికి నెలనెలా రక్త పరీక్ష. ఆ రెండూ కామారెడ్డిలోని ట్రస్టు క్లినిక్‌లో ఉచితం.

డబ్బిచ్చే దాతలు మొదటిసారి క్లినిక్ చూడడానికి వచ్చినప్పుడు, అక్కడి వ్యవహారాలు చూసే సారు ఫోన్ చేశాడు. సదాశివనగర్ మనిషి, మంచివాడు. ఆపరేషన్ రోజు అవ్వ పక్కనే కూర్చుని ఆమెకు ధైర్యం చెప్పినవాడు.

“జర రెండు ముచ్చట్లు చెప్పు టీచరమ్మా. నువ్వైతే మంచిగ మాట్లాడతవ్.”

సంతోషంగా వెళ్లి మనసులో ఉన్నది చెప్పాను. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత ఎవరొచ్చినా నాకే ఫోన్. బడికి సెలవు పెట్టడం, బస్సెక్కడం, అవే మాటలు చెప్పి రావడం. ఎక్కడ ఆగితే ఎదుటివాళ్లు తలలు వంచుతారో తెలిసిపోయింది. ఆగకూడదనుకుంటూనే అక్కడే ఆగేదాన్ని. ఒకసారి సారు నా చెవులు చూసి ఇబ్బంది పడుతూ, “గా పోగులు తీసి పర్సుల పెట్టుకో. ఏమనుకోకు. బంగారం జూస్తే వాళ్లు ఏందేందో అనుకుంటరు” అన్నాడు. తీసేశాను.

మరోసారి అవ్వను కూడా రమ్మన్నారు, బీడీల చాటతో సహా. తునికాకు, తంబాకు, దారం సంచిలో పెట్టుకుని, చాట చంకన పట్టుకుని అవ్వ నాతో బస్సెక్కింది. టైల్స్ నేల మీద కూర్చుని బీడీలు చేస్తుంటే చుట్టూ చేరి ఫోటోలు తీశారు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు అవ్వ అడిగింది, “ఎందుకు బిడ్డా గట్ల ముడుసుకున్నవ్?”

“నిన్ను గట్ల కూసోబెడితే నాకు మంచిగ అనిపియ్యలే.”

“బీడీలు చేసుడు నాకు కొత్తనా? నీ పానం నిలబెట్టిండ్రు. అడిగినప్పుడు పోవాలె.”

అవ్వ ఒళ్లోని చాట తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

తర్వాతి ఫోన్‌కు రానని చెప్పేశాను. సారు కోప్పడలేదు. రక్త పరీక్షకు వెళ్లిన రోజు నన్ను పక్కకు పిలిచి, బెంచీ మీద ఉన్న ఒక పిల్లను చూపించాడు. గాంధారి దగ్గర తండా పిల్ల, తొమ్మిదో తరగతి. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కన తండ్రి టవల్‌తో ఆమెకు విసురుతున్నాడు.

“ఈ పిల్ల ఆపరేషన్‌కు వాళ్లే పైసలియ్యాలె. వాళ్ల ముందట ఎవరన్న మాట్లాడాలె గద. నాకేమన్న షోకా చెప్పు?”

ఆయనకూ వేరే దారి లేదని అప్పుడు అర్థమైంది. వెళ్లాను. అంతకుముందు ఎన్నడూ అంత బాగా మాట్లాడలేదు. పిల్లకు ఆపరేషన్ జరిగింది. ఇక ఆమెకూ నాలాగే రోజూ మాత్ర, అదీ ఆ క్లినిక్‌లోనే.

కొన్ని నెలలకు మళ్లీ సారు ఫోన్. ఈసారి మాట్లాడాల్సింది నేను కాదు, ఆ పిల్లట. నేను నేర్పాలట. వెళ్లేసరికి ఆమె ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. పెదవులకు రంగు వచ్చింది. ఒళ్లో అద్దాలు కుట్టిన పాత లంబాడీ బట్టల మూట.

“గివి మా నాయనమ్మయి టీచర్. ఏసుకొని మాట్లాడమన్నరు. నేనెన్నడు ఏసుకోలే” అంది. మూట ముడి సవరించుకుంటూ, “మాట్లాడకుంటే గోళీలియ్యరా?” అని అడిగింది.

“ఇస్తరు. ఎవరూ ఆపరు” అన్నాను. నిజమే, ఎవరికీ ఏనాడూ ఆపలేదు. ఆపుతామని ఎవరూ అనలేదు కూడా. అయినా ఆ ప్రశ్నను ఇన్నేళ్లుగా నేను లోపల మోస్తూనే ఉన్నాను, సారును ఒక్కసారీ అడగలేదు.

మూట ఆమె తండ్రి చేతికిచ్చి ఇద్దరినీ గాంధారి ఆటో ఎక్కించాను. సారు దగ్గరికి వెళ్లి, “ఆ పిల్లను వదిలిపెట్టుండ్రి సారూ. ఎన్నిసార్లు పిలిచినా నేనొస్త” అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ సరేనన్నట్టు తలూపాడు.

అలా నా అంతట నేనే ఒప్పుకున్నాను. ఇక వద్దనడానికి నోరు లేదు.

మొన్న వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన, నా ప్రసంగం అయ్యాక, “ఇప్పుడు మీకు ఏమైనా కష్టం ఉందా అమ్మా?” అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. మైకు నా చేతిలోనే ఉంది. వెనక కుర్చీల్లో, నెలనెలా నాతోపాటు వరసలో నిలబడి పరీక్షకు రక్తమిచ్చేవాళ్లంతా కూర్చుని నా వైపే చూస్తున్నారు.

“లేదండీ” అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.