రాశి మీద దారి

దెయ్యాలనీ శకునాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేసి వాళ్ల సరదా పాడుచేస్తానని మా ఆవిడ ఇప్పటికీ విసుక్కుంటుంది. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇతరుల్ని అడిగే ప్రశ్నలన్నీ ముందు నాకు నేనే వేసుకున్నాను. కొన్నిటికి జవాబు దొరికింది. దొరికినవి దొరికినట్టే రాస్తాను.

ఎనభైల మొదట్లో సంగతి. మండపేట దగ్గర మాకు రైస్ మిల్లు ఉండేది. ఇల్లు కూడా మిల్లు ఆవరణలోనే. మా నాన్న ఆ మోతలోనే పుట్టి, ఆ మోతలోనే పెరిగి పెద్దవాడయ్యాడు. మిల్లు ఆగాక కూడా ఆయన గొంతు తగ్గేది కాదు. భోజనాల దగ్గర ఉప్పు అడిగినా వీధిలో వాళ్లు తిరిగి చూసేవారు. మా ఇంట్లో రహస్యం అనేది ఉండేది కాదు, ఎందుకంటే నాన్న గుసగుస మూడిళ్ల అవతలికి వినిపించేది.

ఆయనకి భక్తి ఉంది గానీ జనం పడదు. ద్రాక్షారామం పక్కనే ఉన్నా శివరాత్రినాడు గుంపు చూసి బయట నుంచే దండం పెట్టి వచ్చేసే రకం. ఆయన జీవితంలో కోరుకున్నది ఒకటే: చప్పుడు లేని చోట ఒక్కసారి నిలబడాలి. ఇది మేము హాస్యంగా తీసుకునేవాళ్లం. ఆయన మాత్రం హాస్యంగా అనేవాడు కాదు.

ఏటా చలికాలంలో మా వైపు ఇంగువ, ఉన్ని కంబళ్లు అమ్ముకోవడానికి ఉమేద్ సింగ్ అనే కొండ మనిషి వచ్చేవాడు. వేసవి వస్తే తన ఊరు వెళ్లి, హిమాలయాల్లో యాత్రికులకు దారి చూపించేవాడు. మా అక్క రామచంద్రపురంలో హిందీ టీచరు. అతను వస్తే ఆమెకి పండగే. ఆ ఏడు నాన్న, అక్క చేత అతన్ని అడిగించాడు, మీ కొండల మీద కూడా చప్పుడేనా అని.

కేదారం దారిలో చప్పుడే అన్నాడు అతను. గుర్రాలు, గంటలు, జనం, తగువులు. కానీ ఆ పక్క లోయలో మధ్యమహేశ్వరం ఉందనీ, కొద్దిమందే వెళ్తారనీ, నడక ఎక్కువనీ చెప్పాడు. గుడికి కాస్త ముందు చివరి మలుపులో ఒక పచ్చిక మైదానం వస్తుందట. అక్కడ నిలబడితే ఎవరి గుండె వాళ్లకి వినిపిస్తుందట. అక్క ఈ మాట తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే నాన్న నిర్ణయం చేసేశాడు.

ఆ రోజు నుంచి ఇల్లంతా అదే గొడవ. గుడి తలుపులు తెరిచాక, వానలు రాకముందు బయలుదేరాలి. నాన్న, అక్క, నేను, దారి చూపించడానికి ఉమేద్ సింగ్. కాకినాడలో డాక్టరు నాన్నని పరీక్ష చేసి, గుండె బాగానే ఉంది, పొట్ట తగ్గించమన్నాడు. అమ్మ కొండ మీద ఏం దొరుకుతుందో ఏమోనని అప్పుడే పులిహోర పొడి కొట్టించింది. అన్నీ కుదిరాయి గానీ ఒకటే చిక్కు. మా వైపు ఎటు చూసినా బల్లపరుపు నేల, ఎక్కడం అలవాటు చేసుకుందామంటే గట్టు తప్ప మిట్ట లేదు.

దానికి నాన్నే ఉపాయం కనిపెట్టాడు. గోడౌనులో బస్తాలు ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా పేర్చి పైకప్పు దాకా నెట్టు కడతారు కదా, రోజూ సాయంత్రం దాని మీదికి ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. కొత్త కాన్వాసు బూట్లు, పంచె పైకి దోపుకుని, చేతిలో వెదురు కర్ర. బస్తాలు మోసే ముఠా వాళ్లు పని ఆపి చూసేవారు. "బాబుగారూ, పైన దేవుడు కనిపించాడాండీ?" అని ముఠా మేస్త్రి అప్పారావు కింద నుంచి అరిచేవాడు. "పైకప్పు రేకు కనిపించిందిరా, బెజ్జం పడింది, రేపు వేయించు" అని నాన్న జవాబు.

ఒకనాడు ఉమేద్ సింగ్ దారి ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించబోయాడు. నాన్నకి అర్థం కాలేదు. అప్పుడు ఆ మనిషి గోడౌనులో ఒక మూల రాశిగా పోసిన ధాన్యం చూశాడు. తడి తగిలితే ఆరబెట్టి పోసిన ధాన్యం అది. చొక్కా చేతులు మడిచి, ఆ రాశినే కొండగా మలిచాడు. నాన్న కండువా అడుగున పరిచి నది అన్నాడు. వేలితో దారి గీశాడు. చివరి మలుపు దగ్గర అరచేత్తో తట్టి చదును చేసి, ఇదే ఆ మైదానం అన్నాడు. నాన్న తాంబూలం సంచిలోంచి నాలుగు వక్కలు తీసుకుని మనుషుల్లా నడిపించాడు. ముందు తను, తర్వాత నాన్న, అక్క, ఆఖరున నేను. మజిలీ మజిలీకీ ఆపుతూ మైదానం దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేశాడు.

నాన్న ఆ రాశిని కదపనివ్వలేదు. రేపు మళ్లీ చూసుకుంటానన్నాడు. పైగా సరదాకి దానికి ముద్ర కూడా వేయించాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: కళ్లంలో ధాన్యం రాశి పోశాక, ఎవరూ చెయ్యి పెట్టకుండా దాని మీద చెక్క అచ్చుతో బూడిద ముద్రలు వేసేవారు. పిడికెడు గింజలు తీసినా ముద్ర చెదిరిపోయి దొంగతనం బయటపడుతుంది. నాన్న వేయించిన ముద్రలు రాశి చుట్టూ అడుగు నుంచి నడుము దాకా వరసగా పడ్డాయి. గోడౌనుకి తాళం నేనే వేశాను.

పొద్దున్న తలుపు తీస్తే మైదానం దగ్గర రాశి జారి ఉంది. గుప్పెడు మేర పల్లం పడింది. మూడు వక్కలు ఉన్న చోటే ఉన్నాయి. రెండోది, నాన్నది, లేదు. చెయ్యి పెట్టి తవ్వితే మూరెడు లోపల దొరికింది.

నాన్న నవ్వేశాడు. "ఎలక్కి కూడా యాత్ర మీద మనసైందిరా!" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ముద్రల్లో ఒక్కటీ చెదరలేదు. జారిన గింజలు కిందికి రావాలి కదా, వస్తే ముద్రల మీద పడాలి కదా. ఎక్కడా పడలేదు.

మళ్లీ సర్ది, మళ్లీ ముద్ర వేశాం. మర్నాడూ అంతే. ధాన్యం నిటారుగా పోస్తే జారుతుంది, అందులో వింత లేదు. కానీ నిటారుగా ఉన్న చోట్లన్నీ నిలిచి, చదును చేసిన చోటే జారడమేమిటి? నాకు పట్టుదల వచ్చింది. ఆ మూల నేల దిగుతోందేమోనని రాశిని ఎదుటి మూలకి మార్పించి, అలాగే దారి గీసి, వక్కల్లో నాన్నదీ నాదీ తారుమారు చేసి పెట్టాను. పొద్దున్నకి ఆఖరున పెట్టిన వక్క లోపలికి పోయింది. అది నాన్నది.

ఆ మైదానంలో ప్రమాదమేమైనా ఉందా అని ఉమేద్ సింగ్‌ని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అక్కడ పశువులు మేస్తాయి, పిల్లలు పరిగెడతారు, ఆ దారి మొత్తంలో భయం లేని చోటు అదొక్కటే అన్నాడు.

ఇదంతా అమ్మకి చెప్పకూడదనుకున్నాం. నాన్న మా అందరికీ చెవిలో చెప్పాడు, ఇంకేముంది, వంటింట్లో ఉన్న అమ్మ వింది. వచ్చి రాశి చూసింది. ఏడవలేదు, అరవలేదు. "మీరు వెళ్లడానికి వీల్లేదండి. పిల్లలు వెళ్తారు. మీరు నా కళ్ల ముందే ఉండండి" అంది.

నాన్న వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. ఆ రాత్రి ఆయన మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు. "నువ్వైనా అక్కడ ఓ నిమిషం నిలబడి, ఎలా ఉందో వచ్చి చెప్పరా" అన్నాడు. నాకు చాలా బాధ వేసింది.

పూజకి రాలేని మనిషి బదులు వక్క పెట్టడం మాకు అలవాటే. ప్రయాణం నాడు అమ్మ, రాశి మీద నాన్నకని పెట్టిన ఆ వక్కని కడిగి, పసుపు రాసి, పసుపు గుడ్డలో పెట్టి మూడు ముళ్లు వేసి నాకిచ్చింది. గుడిలో పెట్టి రమ్మంది. ఆయన వెళ్లినట్టే అవుతుందంది. చొక్కా లోపలి జేబులో పెట్టి బొత్తాం పెట్టుకున్నాను. నిద్రలో కూడా ఆ చొక్కా విప్పలేదు. చలికి విప్పే పని కూడా లేదు.

దారి గురించి ఎక్కువ రాయను. ఊఖీమఠ్ దాటాక నిజంగానే మనుషులు తగ్గిపోయారు. అక్క నాకంటే బాగా నడిచింది. ఉమేద్ సింగ్ రాశి మీద గీసిన మలుపులు గీసినట్టే వస్తుంటే, నాకు మా గోడౌనులో నడుస్తున్నట్టే ఉండేది. చివరి మలుపు తిరగ్గానే మైదానం. కర్రతో పొడిచి చూసి అడుగు వేశాను. గట్టి నేల. చిన్న చిన్న పసుపు పూలు.

అక్కడ ఆగి నిలబడ్డాను, నాన్న కోసం. మధ్యాహ్నం వేళ. గాలి లేదు, పిట్ట లేదు. ఉమేద్ సింగ్ చెప్పినట్టే నా గుండె నాకు వినిపించింది. ఈ మనిషి ఇది వినకుండా పోతాడా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. మేం ముగ్గురం క్షేమంగా మైదానం దాటాం. గండం గడిచిందని అక్క నా భుజం తట్టింది.

గుడిలో ముడుపు తీసి, అక్క ఎదురుగానే ముళ్లు విప్పాను. మూడు ముళ్లూ అమ్మ వేసినట్టే బిగుసుకుని ఉన్నాయి, గోళ్లతో విప్పడానికి అవస్థ పడ్డాను. లోపల వక్క లేదు. గుడ్డ మధ్యలో అది కూర్చున్న గుండ్రటి మచ్చ ఉంది. చిరుగు లేదు. అక్క గుడ్డని వెలుతురుకి పెట్టి చూసింది.

రిషీకేశ్ దిగాక ఇంటికి ట్రంక్ కాల్ చేశాం. చిన్నాన్న ఎత్తాడు. నాన్న పోయి అప్పటికి కొన్ని రోజులైంది. మేం ఎక్కడున్నామో తెలియక, ఎండల్లో ఉంచలేక, చిన్నాన్నే తలకొరివి పెట్టాడు. ఒక్కగానొక్క కొడుకుని, నేను పెద్దకర్మకి మాత్రం అందుకున్నాను.

ఎలా జరిగిందో అప్పారావు చెప్పాడు. "మీరెళ్లినకాణ్ణించీ రోజూ నెట్టెక్కేవోరండి. 'ఇయ్యాల మావోళ్లు ఇంత మటుకూ వచ్చుంటార్రా' అని, అంతమటుకూ ఎక్కి కూకునేవోరు. ఆ రోజు మద్దేనం పైదాకా ఎక్కేశారండి. 'ఓ నిమిషం మిల్లాపండ్రా, ఎలాగుంటాదో చూద్దాం' అన్నారు. ఆపామండి. బాబుగారు పైన నిలబడి, చెవొగ్గి, నవ్వేరండి. అంతే, పై వరస జారిపోయింది."

మేం మైదానంలో నిలబడింది ఆ మధ్యాహ్నమే. నెట్టు కట్టింది మేం రాశి పోసిన మూలనా కాదు, మార్చిన మూలనా కాదు. నేల దిగలేదు, గోడ తడవలేదు, అన్నీ చూశాను. బస్తాల నెట్లు అప్పుడప్పుడూ జారుతాయి, అందులో వింత లేదు. కొండ మీద గండం ఉందని మేం అనుకోకపోతే ఆయన ఆ వేళ నెట్టు మీద ఉండేవాడు కాదు. ఇది మాత్రం నాకు తెలుసు.

ఇంకొకటి అడిగాను. బస్తాలు తీశాక నాన్న పిడికిట్లో ఏమైనా ఉందా అని. వక్క ఉందండి అన్నాడు అప్పారావు. అందులోనూ వింత లేదు, నాన్న దగ్గర ఎప్పుడూ వక్కలుంటాయి. పసుపు రాసి ఉందా అని అడిగాను. "స్నానం చేయించేటప్పుడు బాబుగారి ఒళ్లంతా పసుపే కదండీ. ఎలా చెప్పమంటారు?" అన్నాడు. ఆ వక్క ఆయనతోనే కాలిపోయింది.

కర్మలు అయ్యేదాకా మిల్లు ఆపేశాం. నాకు తెలిసి మా ఇంట్లో అంత నిశ్శబ్దం అదే మొదలు. అమ్మ గుమ్మంలో కూర్చుని వింటూ ఉండేది. ఖాళీ ముడుపు సంగతి అక్కా నేనూ ఆమెకి చెప్పలేదు. నాన్నని గుడిలో పెట్టి వచ్చామనే అనుకుంటూ ఆమె పోయింది.

తర్వాత మిల్లు నేనే నడిపాను. సాయంత్రం మోత ఆగిన ప్రతిసారీ, ఎంత పనిలో ఉన్నా, నా చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి వెళ్లి తడిమి చూసేది. మిల్లు అమ్మేసి చాలా కాలమైంది. ఇప్పటికీ ఇల్లు కాస్త సద్దుమణిగితే చాలు, తడుముకుంటాను.