శ్రీముఖలింగం దారిలో వదిన రోడ్డు దాటింది

మా ఆయన అక్క, నేను వదినా అని పిలిచే మనిషి, గజపతినగరంలో టైలరింగ్ షాపు నడుపుతుంది. ఇల్లు మెయిన్ రోడ్డుకి ఈవల, షాపు ఆవల. కిందటేడు బస్సు దిగి, ఆ బస్సు ముందు నుంచే దాటబోతుంటే, డ్రైవరు వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆమె అడుగు వేసింది. బస్సు పక్క నుంచి దూసుకొచ్చిన మోటారుసైకిలు ఆమెకి కనిపించలేదు, అది నడిపేవాడికి ఈమె కనిపించలేదు. విరిగిన కాలు అతుక్కుంది గానీ, అప్పటినుంచి వదిన ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటలేదు. షాపు మూసే ఉంది. ఈ నెలాఖరుకైనా తెరవకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఓనరు చెప్పేశాడు. తాళం ఇచ్చేసే ముందు ఒక్కసారి శ్రీముఖలింగం శివుడి గుడికి వెళ్లొద్దామని ఆమె అడిగింది. అలా బయల్దేరాం.

కాలు నొప్పి ఉన్నవాళ్లని తీసుకెళ్లేవారికి పనికొస్తుందని దారి కాస్త వివరంగా రాస్తున్నాను. ఉదయం ఆరున్నరకి విజయనగరం బస్ కాంప్లెక్సులో శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టే. శ్రీకాకుళంలో ఇడ్లీ, కాఫీ ఇద్దరికీ కలిపి నూట పది అయింది. అక్కడ బస్సు మారి నరసన్నపేటలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కణ్ణుంచి శ్రీముఖలింగానికి బస్సులు తక్కువ. అందుకని గుడి దగ్గర ఆగడానికి కూడా కలిపి, రానూపోనూ ఎనిమిది వందలకి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు అప్పన్న, నలభై ఏళ్లుంటాయి. వెయ్యి అడిగాడు. వదిన దారిలో ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పేసరికి, దారి తెలిసినవాళ్లమేనని నవ్వి ఒప్పుకున్నాడు.

కోతలు, నూర్పులు అయిన రోజులు. ఊరు వచ్చినప్పుడల్లా తారురోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంది. కళ్లాల్లో కన్నా తారు మీద తొందరగా ఆరుతుందని అందరూ చేసేదే. మిగిలిన సగంలోనే ఆటోలు, లారీలు, బడికెళ్లే పిల్లలు, నడిచేవాళ్లు అందరూ సర్దుకోవాలి. అలాంటి ఒక చోట, తలమీద గడ్డిమోపుతో ఒక మామ్మ ఎడమ అంచున నిలబడి ఉంది. మోపు చెవుల దాకా దిగి ఉంది, పక్కకి తల తిప్పే వీలు లేదు. అప్పన్న పాపం అనుకుని ఆటో ఆపాడు. రా మామ్మా, రా అని చెయ్యి ఊపాడు. ఆవిడ నమ్మి కదిలింది.

వదిన కుడివైపు కూర్చుని ఉంది. ప్రమాదం అయినప్పటి నుంచి ఆమె కళ్లు ముందుకన్నా వెనక్కే ఎక్కువ చూస్తాయి. "మామ్మా, ఆగు!" అని ఒక్క కేక పెట్టి, కమ్మీ మీదుగా చెయ్యి బయటికి చాపేసింది. ఆవిడ ఆగిపోయింది. వెనక నుంచి వచ్చిన ఒక బండి మా కుడిపక్కన ధాన్యం తొక్కుకుంటూ వెళ్లిపోయింది. మేం ఎందుకు ఆగామో దాన్ని నడిపేవాడికి తెలియనే తెలియదు.

అప్పన్న వెనక్కి వదిన వైపు తిరిగాడు. "మంచికే కదప్పా పిలిసినాను" అన్నాడు.

"నువ్వు ఆగినావు. నీ ఎనకాలోడు ఆగినాడేటి? రమ్మనే ముందు అద్దం సూడాల కదరా. నన్ను రమ్మన్న బస్సు డ్రైవరూ మంచోడే" అంది వదిన.

తరువాత ఆమె చేసిన పని నేను ఊహించలేదు. ఎడమవైపు నుంచి దిగి, మామ్మ మోచెయ్యి పట్టుకుని ఆటో ముందుకి తీసుకొచ్చింది. ఆటో అంచు దగ్గర ఆగి, తల బయటికి పెట్టి వెనకా ముందూ చూసింది. ఇద్దరూ దాటారు. అవతలికి చేరాక మామ్మ అన్న మాట నాకు ఇటువైపు దాకా వినిపించింది.

"నన్ను దాటించడానికొచ్చినావా, నన్ను పట్టుకుని నువ్వు దాటడానికొచ్చినావా? నా మోసెయ్యి ఇంత గట్టిగా పట్టినావేటి?"

వదిన నవ్వేసింది. తిరిగి రావాల్సింది ఒక్కతే. దిగుదామని నేను కాలు కింద పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. వెనక లారీకి దారివ్వడానికి అప్పన్న ఆటోని మట్టి అంచుకి జరిపాడు, ఆమె ఆ లారీని పోనిచ్చింది. ఖాళీగా ఉన్న రోడ్డుని ఇంకాస్సేపు చూసింది. తరువాత మామూలుగా నడిచి వచ్చి కూర్చుంది.

గుడిలో రద్దీ లేదు. మధ్యాహ్నం మూసే లోపు చేరుకున్నాం కాబట్టి తీరిగ్గా దర్శనం అయింది, శిల్పాలు చూసుకుంటూ నెమ్మదిగా తిరిగాం. వంశధార ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. వచ్చేటప్పుడు ఎవరైనా దాటుతూ కనిపిస్తే అప్పన్న ముందు అద్దం చూసి, మెల్లగా ఆపి, కుడిచెయ్యి బారుగా బయటికి పెట్టి వెనకవాళ్లని ఆపాడు. ఎవర్నీ రమ్మని పిలవలేదు. చెయ్యి అంత చాపకురా, ఎవడైనా పట్టుకుపోతాడు అని వదిన వేళాకోళం చేసింది. నరసన్నపేటలో దిగాక ఓనరుకి ఫోన్ చేసి, తాళం ఇవ్వనని, సోమవారం షాపు తెరుస్తున్నానని చెప్పింది. నేనూ వస్తానంటే, బ్లౌజులు కుట్టడం వస్తే రమ్మంది.

ఆమె భయం పోయిందని నేను రాయను. సోమవారం కూడా రోడ్డు అంచున భయంగానే నిలబడి ఉంటుంది. కానీ భయపడుతూనే నిదానంగా చూసి దాటవచ్చని ఆ రోజు ఇద్దరం చూశాం. బండి నడిపేవాళ్లు, ముందు వాహనం ఆగి ఉంటే దాని అవతల ఒక మనిషి ఉన్నట్టే అనుకుని వేగం తగ్గిస్తే, వదినలాంటి వాళ్లకి సగం పని తేలికవుతుంది. ఈ దారిలో వెళ్లేవారికి ఒక్క సలహా: బస్సు దిగాక డ్రైవరు ఎంత మర్యాదగా రమ్మన్నా, ఆ బస్సుని ముందు పోనివ్వండి. రోడ్డు రెండువైపులా మీ కళ్లకి కనిపించాకే కాలు కదపండి.