దోసిలి పట్టే అలవాటు

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో, మా ఎస్సీ కాలనీ ఆడవాళ్ల కోసం పెట్టిన వయోజన బడిలో నేర్చుకున్నాను. ఆ తరువాత ఏడో తరగతి చదివే మనవరాలి పుస్తకాలే నాకు చదువు. పత్తి చేనుకు పోని రోజు, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కునేదాన్ని.

ఒకరోజు సాంఘిక శాస్త్రంలో సమానత్వం పాఠం వచ్చింది. కులం పేరుతో ఎవరినీ బావి దగ్గర, హోటల్లో, దుకాణంలో అడ్డగించకూడదట. అంటరానితనం ఏ రూపంలో పాటించినా నేరమట. ఆ పేజీ రెండుసార్లు చదివాను. మరి బడిలో నీళ్లెట్లా తాగుతావని పాపను అడిగాను. అందరూ గ్లాసుతో తాగుతారని, తనకు మాత్రం మధ్యాహ్న భోజనం వండే వంటామె దోసిట్లో పోస్తుందని మామూలుగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

మరునాడు పుస్తకం చంకలో పెట్టుకుని బడికి పోయి, హెడ్మాస్టరుకు ఆ పేజీ తెరిచి చూపించాను. ఆయన వంటామెను పిలిచాడు.

"గ్లాసు ఇస్తే పాప పట్టుకోల్యాదక్కా. ముట్టుకోవద్దని మా అవ్వ సెప్పింది అనింది," అందామె నన్నే చూస్తూ.

నిజమే. పాప చిన్నప్పుడు నా వెంట చేనుకు వచ్చేది. చేను యజమానురాలు చెంబుతో పైనుంచి నీళ్లు పోస్తే మేం వంగి దోసిలి పడతాం. గ్లాసు ముట్టి తిట్లు తినకూడదని, ఎక్కడికి పోయినా ఇట్లాగే తాగమని పాపకు నేర్పింది నేనే. 

హెడ్మాస్టరు ఆమెను అంతటితో వదల్లేదు. "పాప సెయ్యి సాపితే నువ్వు పోసేయడమేనా? గ్లాసు పట్టుకోమని సెప్పాల్సింది మనం కాదా?" అన్నాడు. నీళ్లు పోసే ఆ వరండా మీదుగానే తానూ రోజూ నడుస్తున్నానని, చూసి కూడా అడగలేదని నాతో అన్నాడు.

పాపను పిలిపించి, నేను నేర్పింది తప్పని వాళ్లందరి ముందూ చెప్పాను. గ్లాసు నింపి చేతికిచ్చాను. తాగింది. తాగి అడిగింది:

"మరి సేనికాడ?"

 చేను యజమానురాలు పనికి వద్దంటే నాకు కూలి ఉండదు. రెండు రోజులు ఆలోచించి యజమానురాలిని గ్లాసు అడిగాను. "సదువుకున్నామె కదా, రేపు కుర్చీ గూడా ఏయమంటాది," అని పక్క సాలులో ఆడవాళ్లు నవ్వారు.  మరునాడు యజమానురాలు కొత్త స్టీలు గ్లాసు ఒకటి తెచ్చి, మాకని గట్టు మీద వేరుగా పెట్టింది. తన గ్లాసు చెంబు మీద బోర్లించుకుంది.

ఆదివారం పాప నాతో వచ్చింది. రెండు గ్లాసులనూ చూసి నన్ను అడగలేదు, నేరుగా ఆమె దగ్గరకే పోయింది.

"ఇదెవురికి, అదెవురికి?"

నోరు మూయించమన్నట్టు యజమానురాలు నా వైపు చూసింది. నేను పాపను ఆపలేదు.